సుగంధిపాల వేరు ఎవరిది?

(అరకులోయలో జరిగిన రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కాఫీ ధర, మిరియాల తూకం, అటవీ హక్కుల పట్టాలు... ఈ మూడింటి మీదా నా ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. నాకు అప్పగించింది చిన్న విషయం. ఒక వేరు. సుగంధిపాల. వేరు గురించి అరగంట ఏం చెబుతాడు అని వెనక వరసలో మా బావ ఒకాయన నవ్వుతున్నాడు. నవ్వనివ్వండి. ఆయన గునపం మొన్న ఎక్కడ దిగిందో నాకు తెలుసు.

ముందు జబ్బు సంగతి చెబుతాను. సిగ్గుపడే విషయం అని మనం సభల్లో మాట్లాడం. ఒంటేలుకు పోతే మంట. చుక్కచుక్కగా రావడం. పోసిన చివర్న కత్తి పెట్టి కోసినట్టు నొప్పి. మన ఊళ్లో దీన్ని ‘వేడి చేసింది’ అని ఊరుకుంటాం. ఇది ఎక్కువగా వచ్చేది ఆడవాళ్లకే. వాళ్ల ఒంట్లో మూత్రం దారి పొట్టిది, క్రిమి తొందరగా లోపలికి పోతుంది. దానికి మన బతుకు తోడవుతుంది. నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పళ్ల కోత. పొద్దున్న తోటలోకి పోయిన మనిషి సాయంత్రానికి గానీ రాదు. దాహం వేసినా నీళ్లు తాగదు, తాగితే ఎక్కడికి పోవాలి? సంత రోజూ అంతే. వందలమంది ఆడవాళ్లు వచ్చే సంతల్లో మరుగుదొడ్డి ఉన్న సంతను వేళ్ల మీద లెక్కపెట్టండి, నాకు చూపించండి. రోజంతా బిగబట్టుకుంటే మంట రాక ఏమొస్తుంది?

దీనికి మనవాళ్లు వాడే మూలికల్లో సుగంధిపాల ముందు వరసలో ఉంటుంది. వేరు కడిగి, నలగ్గొట్టి, నీళ్లలో నానబెట్టి తాగుతారు. కొందరు పాలలో మరగబెడతారు. ఒళ్లు చలవ చేస్తుందని, ఒంటేలు సాఫీగా జారీ అవుతుందని మన దిసారులూ చెబుతారు, ఆయుర్వేదం పుస్తకాలూ చెబుతాయి. సంస్కృతంలో దీని పేరు శారిబ. అనంతమూలం అని కూడా అంటారు.

విశాఖలో ఉన్న మా చుట్టాల్లో ఒకామెకు ఇదే బాధ వస్తే హోమియో డాక్టరు తెల్ల గుళికలిచ్చాడు. సీసా మీద సార్సాపరిల్లా అని రాసి ఉంది. హోమియోలో ఒంటేలు చివర్న నొప్పి వచ్చేవాళ్లకు ఇచ్చే మందుల్లో అది పేరున్నది. ఆమె ఫోను చేసి, ‘అన్నయ్యా, ఇది మన కొండ సుగంధిపాలేనంట కదా, మనం సంతలో అమ్మేదే సీసాలో పెట్టి నాకు అమ్మారు’ అంది. ఆ మాట పట్టుకునే నేను ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. చదివితే ఆమె చెప్పింది సగమే నిజమని తేలింది. ఆ మిగతా సగంలోనే మన గొడవంతా ఉంది.

సార్సాపరిల్లా అసలు మన దేశపు మొక్క కాదు. మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో పెరిగే ముళ్ల తీగ. స్మైలాక్స్ జాతి. స్పెయిన్ వాళ్లు 16వ శతాబ్దంలో దాన్ని ఐరోపాకు మోసుకుపోయారు, సవాయి రోగాలకు మందు అని అమ్ముకున్నారు. హోమియో వాళ్ల సార్సాపరిల్లా ఆ తీగ వేరుతో చేసింది. దాని దాయాది మన కొండల్లోనూ ఉంది. కుమ్మరబద్దు. గుండ్రటి దళసరి ఆకు, ఆకు మీద నిలువుగా సాగే ఈనెలు, పట్టుకుంటే చెయ్యి గీరే ముళ్లు, పశువుల వెంట తిరిగినవాళ్లందరికీ తెలుసు.

సుగంధిపాలది వేరే కుటుంబం. జిల్లేడు కుటుంబమనుకోండి, ఆకు తుంపితే పాలు కారుతాయి. సన్నటి తీగ, ఎదురెదురుగా ఆకులు, ఆకు నడుమ తెల్లటి చార. కొమ్ముల్లాగా జంట కాయలు, పగిలితే దూది లాంటి నూగుతో విత్తనాలు ఎగిరిపోతాయి. వేరు విరిచి వాసన చూస్తే ఇంక వేరే గుర్తు అక్కర్లేదు. ఐస్‌క్రీముల్లో వేసే వెనిలా వాసనకు కారణమైన పదార్థానికి, ఈ వేరులో ఉన్న పదార్థానికి అన్నదమ్ముల వరస అని రసాయన శాస్త్రం చెబుతోంది.

మరి దీనికి సార్సాపరిల్లా పేరెందుకు వచ్చింది? ఇంగ్లీషువాడు పెట్టాడు. అమెరికా నుంచి వచ్చే వేరు ఖరీదు. ఇక్కడ ఊరికే దొరికే వేరుతో అదే పని జరుగుతుందని చూసి ‘ఇండియన్ సార్సాపరిల్లా’ అన్నాడు. 1864లో అచ్చయిన బ్రిటిష్ ఫార్మకోపియాలో, అంటే వాళ్ల ప్రభుత్వ మందుల పుస్తకంలో, మన సుగంధిపాల వేరు చేరింది. గమనించండి, 1864. మన కొండల్లో ముఠాదారులు శిస్తులు వసూలు చేస్తున్న కాలం. అప్పటికే మన వేరు లండను పుస్తకంలో ఉంది. తవ్వినవాడి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఈ రోజు సుగంధిపాల వేరుతో తీసిన మదర్ టింక్చరు కూడా హోమియో దుకాణాల్లో దొరుకుతుంది. కాబట్టి మా చుట్టాలామె చేతిలోది మన వేరు కాకపోయినా, పక్క సీసాలో మన వేరు ఉండే ఉంటుంది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. మన వేర్లు తగ్గిపోతున్నది హోమియో వాళ్ల వల్లనా అని కొందరు కుర్రాళ్లు అడిగారు. కాదు. హోమియో మందు ఎలా చేస్తారో చూడండి. వేరు సారం ఒక వంతు, సారాయి గానీ నీళ్లు గానీ 99 వంతులు కలిపి కుదుపుతారు. అందులోంచి ఒక వంతు తీసి మళ్లీ 99 వంతుల్లో కలుపుతారు. సీసా మీద 30 అని ఉంటే అలా ముప్ఫై సార్లు చేసినట్టు. ఆరోసారికే లక్ష కోట్లలో ఒక వంతు అవుతుంది. పన్నెండోసారి దాటాక అసలు వేరు తాలూకు అణువొక్కటైనా మిగలడం కష్టం. అంటే ఒక్క బుట్ట వేరు ఉంటే దేశమంతా గుళికలు పంచవచ్చు. ఆ గుళికలు పనిచేస్తాయా అంటే, ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి 2015లో అధ్యయనాలన్నీ ముందేసుకుని చూసి, ఏ జబ్బుకూ నమ్మదగ్గ రుజువు దొరకలేదని చెప్పింది. నమ్మేవాళ్లు మనలోనూ ఉన్నారు, వాళ్లతో నాకు తగువు లేదు. ఒక్క మాట మాత్రం ఆడవాళ్లందరూ గుర్తుపెట్టుకోవాలి. గుళికలు గానీ, మన వేరు గానీ, మంట వరకే. చలిజ్వరం వచ్చినా, నడుం పక్కన డొక్కలో పోటు వచ్చినా, ఒంటేలులో రక్తం కనబడినా, వాంతులైనా, ఇంక వేరు నానబెట్టుకుని కూర్చోకూడదు. క్రిమి మూత్రపిండాల దాకా పాకి ఉండవచ్చు. కడుపుతో ఉన్న మనిషికి ఉత్త మంట వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి, నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం ఉంది. మన ఏజెన్సీలో ఇంకో చిక్కుంది. చలిజ్వరం అనగానే మలేరియా అనుకుంటాం. రక్తం పరీక్షలో మలేరియా లేదని వస్తే అక్కడితో ఆగకండి, ఒంటేలు పరీక్ష కూడా చెయ్యమని అడగండి. ఆశా కార్యకర్తలు ఈ సభలో ఉన్నారు, వాళ్లకీ ఇది చెబుతున్నాను.

సరే, హోమియో కాకపోతే మన వేర్లు ఎక్కడికి పోతున్నాయి? షర్బత్తులకు, ఆసవాలకు. శారిబాద్యాసవం అని ఆయుర్వేద దుకాణంలో సీసా ఉంటుంది, పేరులోనే మన వేరు ఉంది. రక్తశుద్ధి మందులు, చర్మం మందులు, సబ్బులు... వీటన్నిటికీ బస్తాల లెక్కన కావాలి. రాయలసీమలో ఎండాకాలం నన్నారి షర్బత్తు తాగని ఊరు లేదు. ఆ నన్నారిలో చాలా భాగం సుగంధిపాల కాదు, మారేడుగడ్డ. శేషాచలం, నల్లమల కొండల్లో యానాదులు, చెంచులు తవ్వే గడ్డ. వాసన దగ్గర దగ్గరగా ఉంటుంది, గడ్డ లావుగా ఉంటుంది కాబట్టి వ్యాపారికి లాభం. తవ్వీ తవ్వీ అక్కడ మారేడుగడ్డ అరుదైపోయింది. అక్కడ గడ్డ తగ్గినకొద్దీ వ్యాపారి చూపు ఇటు తిరుగుతుందని నా అనుమానం.

వేరుకీ, మిగతా అటవీ ఫలసాయానికీ పెద్ద తేడా ఉంది. చింతపండు రాలిస్తే చెట్టు చావదు. కరక్కాయ ఏరితే చెట్టు చావదు. అడ్డాకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది. వేరు తవ్వితే తీగే పోతుంది. పైగా సుగంధిపాల వేరు ముదరాలంటే రెండేళ్లు దాటాలి. సన్నటి వేరు, కిలో కావాలంటే ఎన్ని తీగలు లాగాలో తవ్వినవాళ్లకు తెలుసు. పచ్చిది ఎండితే తూకం బాగా తగ్గిపోతుంది. ఆ తూకం కోసమే కొందరు పక్కనున్న నల్లతీగ వేరు కూడా కలిపేస్తున్నారు. దానికి వాసన ఉండదు, విరిస్తే తెలిసిపోతుంది. అది తెలిసిన షావుకారు మంచి సరుకుకు కూడా కల్తీ ధరే కడుతున్నాడు. ఒకడు చేసిన కల్తీ ఊరందరి ధర తగ్గిస్తోంది.

ధర సంగతి వచ్చింది కాబట్టి చట్టాల్లోకి వెళ్దాం. విసుగ్గా ఉంటుంది, కానీ ఓపిక పట్టండి.

1956లో గిరిజన సహకార సంస్థ, మన జీసీసీ, పుట్టింది. షావుకార్ల మోసం నుంచి గిరిజనుల్ని కాపాడాలని పెట్టారు. 1979 రెగ్యులేషన్ ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఫలసాయం కొనే హక్కు జీసీసీకే ఇచ్చారు. మంచి ఉద్దేశమే. అయితే కొనేవాడు ఒక్కడే అయినప్పుడు ఆ ఒక్కడూ రాకపోతే మన సరుకు ఎక్కడికి పోవాలి? దొంగచాటుగా షావుకారు దగ్గరికే. తర్వాత 1996లో పీసా చట్టం వచ్చింది. చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలని చెప్పింది. మన రాష్ట్రంలో దానికి నిబంధనలు రావడానికి 2011 దాకా పట్టింది, పదిహేనేళ్లు. ఈలోపు 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. పోడు పట్టాల చట్టం అని మనం పిలుచుకుంటాం గానీ, అందులో పట్టా ఒక్కటే లేదు. అటవీ ఫలసాయాన్ని సేకరించడానికి, వాడుకోవడానికి, అమ్ముకోవడానికి యాజమాన్య హక్కు అని మూడో సెక్షన్‌లో రాసి ఉంది. ఫలసాయం అంటే ఏమిటో రెండో సెక్షన్‌లో రాసి ఉంది: వెదురు, తేనె, మైనం, లక్క, తునికాకు, ఔషధ మొక్కలు, మూలికలు, వేర్లు, దుంపలు. వేర్లు అనే మాట అందులో ఉంది. కాబట్టి కొండ మీద సుగంధిపాల మీద హక్కు ఎవరిది అంటే చట్టం చెప్పే సమాధానం మనదని. ఐటీడీఏది కాదు, అటవీ శాఖది కాదు, షావుకారుది అంతకన్నా కాదు.

అదే చట్టం అయిదో సెక్షన్ ఇంకో మాట కూడా అంది. అడవిని, అందులోని జీవరాశిని కాపాడే అధికారం గ్రామసభకు ఉంది. మన సంఘంలో హక్కు సెక్షన్ అందరికీ నోటికి వచ్చు. ఈ అయిదో సెక్షన్ చదివినవాళ్లు తక్కువ. వేరు మనదే అన్నప్పుడు దాన్ని ఎంత తవ్వాలి, ఎప్పుడు తవ్వాలి అనేది కూడా మనమే తేల్చాలి కదా.

ఇప్పుడు అసలు మెలిక దగ్గరికి వస్తున్నాను. 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. మన మొక్కలతో, మన జ్ఞానంతో కంపెనీ వ్యాపారం చేస్తే లాభంలో కొంత స్థానికులకు పంచాలన్నది దాని మూల సూత్రం. 2014 మార్గదర్శకాల్లో లెక్క కూడా చెప్పారు. కంపెనీ అమ్మకాల మీద నూటికి పది పైసల నుంచి యాభై పైసల దాకా. పెద్దదేం కాదు. అది కూడా ఇవ్వనని దివ్య ఫార్మసీ ఉత్తరాఖండ్ హైకోర్టుకు వెళ్లింది. ఈ చట్టం విదేశీ కంపెనీలకే గానీ దేశీ కంపెనీలకు కాదని వాదించింది. 2018 డిసెంబరులో హైకోర్టు ఆ వాదన కొట్టేసింది, దేశీ కంపెనీ అయినా వాటా ఇవ్వాల్సిందేనంది. మనలాంటివాళ్లం సంతోషించాం.

ఆ సంతోషం అయిదేళ్లు కూడా నిలవలేదు. 2023లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. పుస్తకాల్లోకి ఎక్కిన సంప్రదాయ జ్ఞానం వాడుకునేవాళ్లకు మినహాయింపు. రిజిస్టరైన ఆయుష్ వైద్యులకు మినహాయింపు. సాగు చేసిన ఔషధ మొక్కలకు మినహాయింపు. ఉల్లంఘిస్తే జైలు అనే సెక్షన్ తీసేసి జరిమానాతో సరిపెట్టారు. ఊళ్లో వేరు నూరి ఇచ్చే చిన్న వైద్యుడికి మినహాయింపు ఇస్తే ఎవరికీ అభ్యంతరం లేదు, ముందు నుంచీ ఉన్నదే. కానీ పుస్తకాల్లోకి ఎక్కిన జ్ఞానం అంటే ఏమిటి? శారిబ గురించి సంస్కృత గ్రంథంలో శ్లోకం ఉంది, కాబట్టి శారిబాద్యాసవం చేసే కంపెనీ వాటా ఎగ్గొట్టవచ్చు. మన దిసారి తలలో ఉన్నది ఏ పుస్తకంలోనూ లేదు. ఆ శ్లోకం రాసినాయన వేరు గుణం ఎవర్నడిగి తెలుసుకున్నాడు? అడవిలో ఉన్నవాళ్లనే అడిగి ఉంటాడు. అడిగి రాసుకున్నవాడిది జ్ఞానం, చెప్పినవాడిది కూలి. ఇదెక్కడి న్యాయం?

రెండో మెలిక ఇంకా ప్రమాదం. సాగు చేసిన మొక్కలకు మినహాయింపు అన్నారు కదా, సాగు చేసిందే అని రుజువేమిటి? స్థానిక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఇచ్చే మూల ధ్రువీకరణ పత్రం. ఆ కమిటీ మన పంచాయతీలోదే. అంటే రేపు ఒక ఏజెంటు వచ్చి, కొండ మీద తవ్విన వేరు బస్తాలకు తోటలో పండించినదని కాగితం మీద మనవాళ్ల చేతనే సంతకం పెట్టించుకుపోవచ్చు. మన వేరు, మన సంతకం, మన వాటా సున్నా. కమిటీ సభ్యులెవరో మీ పంచాయతీలో మీకు తెలుసా? చేతులెత్తండి. చూశారా, ముగ్గురు.

ఇక సాగు గురించి. సాగు వద్దని నేననడం లేదు. చెయ్యాలి. చింతపల్లి, గూడెం వైపు మనవాళ్లు పిప్పలి పెంచి, వేరు మోడి అమ్మి డబ్బు కళ్ల చూడలేదా? సుగంధిపాల వేరు ముక్క నాటినా, తీగ ముక్క నాటినా పట్టుకుంటుంది. పాకడానికి ఆధారం ఉంటే చాలు. కాఫీ తోట గట్ల మీద, ఎండ కాస్త తగిలేచోట పెట్టుకోవచ్చు. చిక్కటి నీడలో వేరు లావెక్కదు. అయితే రెండేళ్ల దాకా పైసా రాదు కాబట్టి ఎవరూ దీన్నే నమ్ముకుని రాజ్మా వెయ్యడం మానకండి. మొలకలు ఐటీడీఏ నర్సరీల్లో పెంచి ఇవ్వాలి. సిల్వర్ ఓకు మొక్కలు లక్షల్లో పెంచగలిగినవాళ్లకు ఇదొక లెక్కా? 2019లో మన అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. బయటి నుంచి వచ్చిన మొక్కకు మన పేరు పెట్టి గౌరవించారు, మంచిదే. కొండ పుట్టినప్పటి నుంచీ ఇక్కడున్న తీగకు ఒక ధర బోర్డు కూడా లేదు.

తవ్వకం మీద కట్టుబాటు గురించి కొంతమంది నాతో వాదించారు. ఆకలిగా ఉన్నవాడికి నియమాలు చెబుతావా అన్నారు. నియమం మనకు కొత్త కాదు. మామిడి కొత్త పండగ కాకుండా మనం మామిడికాయ ముట్టుకుంటామా? కొర్ర కొత్త కాకుండా కొర్రలు వండుకుంటామా? పండని కాయ తెంపకుండా, విత్తనం పడకుండా కోయకుండా పెద్దలు పెట్టిన కట్టు అది. పోలీసు లేకుండానే ఇన్ని తరాలు నడిచింది. సుగంధిపాలకు కూడా అలాంటిదొకటి ఊరు కూర్చుని పెట్టుకోవచ్చు. కాయ పగిలి విత్తనం ఎగిరిపోయాకే తవ్వడం. గుబురు మొత్తం లాగకుండా, తల్లివేరు వదిలి పక్కవేర్లు తీసుకోవడం. ఈ ఏడు ఈ గట్టు, వచ్చే ఏడు ఆ గట్టు. మూడేళ్లకు గానీ మొదటి గట్టుకు మళ్లీ రాకూడదు. బయటి నుంచి జీపులో కూలీలను దింపి తవ్వించేవాడిని ఊరే ఆపాలి. ఆపే అధికారం ఇందాక చెప్పిన అయిదో సెక్షన్‌లో ఉంది. ఏ ఊరి కట్టు ఆ ఊరిది, నేను చెప్పినట్టే ఉండాలని లేదు.

మన సంఘం తరఫున ప్రభుత్వాన్ని అడగాల్సినవి తీర్మానంలో రాశాం, అధ్యక్షులు చదువుతారు. తవ్వకాలు మొదలవకముందే జీసీసీ సుగంధిపాల ధర ప్రకటించి సంతలో బోర్డు పెట్టాలి. ఎండిన వేరు, పచ్చి వేరు, శుభ్రం చేసిన వేరు వేరువేరు ధరలు ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటా ఉండాలి. మరుగుదొడ్డి, తాగేనీరు లేని సంతకు ఆశీలు వసూలు చేసే హక్కు ఎవరికీ లేదని కూడా రాయించాను. వేరు గురించి తీర్మానంలో మరుగుదొడ్డి ఎందుకు అని కమిటీలో ఒకరు అడిగారు. ఒంటేలు మంటకు మందు అమ్మే సంతలోనే ఆ మంట తెప్పిస్తున్నారు కాబట్టి, అన్నాను.

ఇంక మీరు చెయ్యాల్సిన పని. ప్రతి పంచాయతీలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు అని ఒకటి ఉండాలి. మన మొక్కలు, మన మందులు అందులో రాసి ఉండాలి. మీ పంచాయతీ కార్యదర్శిని అడగండి. ఉందంటే చూపించమనండి, సుగంధిపాల పేరు ఉందో లేదో చూడండి. దిసారులు చెప్పే వాడకం అందులో రాయించేముందు వాళ్లనూ, గ్రామసభనూ అడగండి. ఏది రాయాలి, ఏది రాయకూడదు అనేది వాళ్లే తేల్చాలి. లేదంటే లేదని కాగితం మీద రాయించుకుని వచ్చే నెల సమావేశానికి పట్టుకురండి. అటవీ హక్కుల చట్టం రెండు, మూడు, అయిదు సెక్షన్ల తెలుగు కాపీలు ఆ బల్ల మీద పెట్టాం. ఊరికి రెండు చొప్పున తీసుకోండి. చదువు వచ్చిన పిల్లల చేత రాత్రి గుమిలో చదివించండి. నల్లతీగ వేరు, సుగంధిపాల వేరు పక్కపక్కన పెట్టాను, భోజనానికి వెళ్లేముందు విరిచి వాసన చూసి వెళ్లండి.